ఫ్లోరిడా 2000: ఆ 537 ఓట్ల మెజారిటీ అసలు ఎలా వచ్చింది?

పాపికొండలు:

అమెరికా ఎన్నికల మాట వస్తే చాలు, 2000లో ఫ్లోరిడా సంగతి అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ డెమొక్రాట్ అల్ గోర్ మీద 537 ఓట్లతో గెలిచాడు, సుప్రీంకోర్టు గెలిపించింది" అని. కోర్టు తీర్పు మీద పాతికేళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నాకు మాత్రం ఆ అంకె మీదే ఆసక్తి.

నవంబరు 7న పోలింగ్. అధ్యక్ష పదవికి లెక్కకు వచ్చిన ఓట్లు దాదాపు 59 లక్షల 63 వేలు. మొదటి లెక్కలో బుష్ ఆధిక్యం 1,784. తేడా అర శాతం లోపు ఉంటే మెషీన్లతో మళ్లీ లెక్కించాలని ఆ రాష్ట్ర చట్టం. అలా లెక్కిస్తే 327కి పడిపోయింది. విదేశాల్లో ఉన్నవాళ్లు, సైనికులు పోస్టులో పంపిన ఓట్లు కలిపాక 930కి ఎగబాకింది. కొన్ని కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) చేత్తో లెక్కపెట్టిన ఓట్లు కూడా చేర్చి నవంబరు 26న ప్రకటించిన తేడా 537. బుష్‌కి 29,12,790, గోర్‌కి 29,12,253.

దేశం మొత్తం మీద గోర్‌కే 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కానీ అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాల వారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు. ఫ్లోరిడాలో గెలిచినవాళ్లకి అక్కడి 25 ఓట్లూ పోతాయి, అవి ఎవరికి పోతే వాళ్లదే వైట్‌హౌస్. చివరికి 271-266తో బుష్ గట్టెక్కాడు.

పోస్టు ఓట్లు పక్కన పెట్టండి. మిగతావన్నీ అదే రోజు, అదే పెట్టెల్లో పడిన కార్డులు. వాటి లెక్క తీసిన ప్రతిసారీ ఎందుకు మారింది? నా ఉద్దేశంలో ఆ రాష్ట్రాన్ని అటూ ఇటూ తిప్పింది ప్రచారం కాదు, బ్యాలెట్. తెలిసినవాళ్లు చెప్పండి.

టంపా_రావు:

అప్పుడు నేను టంపాలోనే ఉన్నాను, హెచ్-1 మీద. ఓటు లేదు కానీ ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ టీవీ ముందు నుంచి లేవలేదు. తూర్పు సమయం ప్రకారం 8 గంటలు కాకముందే ఛానెళ్లు ఫ్లోరిడా గోర్‌ది అని చెప్పేశాయి. చాలామందికి గుర్తులేని విషయం ఏంటంటే, రాష్ట్రం పడమటి కొస, పాన్‌హ్యాండిల్ అంటారే, అది ఇంకో టైమ్ జోన్‌లో ఉంది. అక్కడ ఇంకా పోలింగ్ జరుగుతోంది! రిపబ్లికన్లకు గట్టి పట్టున్న ప్రాంతం అది. 10 గంటల ప్రాంతంలో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. రాత్రి 2 దాటాక బుష్ గెలిచాడన్నారు. గోర్ ఫోన్ చేసి బుష్‌ని అభినందించాడు. ఓటమి ఒప్పుకుంటూ మాట్లాడడానికి నాష్‌విల్‌లో సభ దగ్గరికి కూడా బయల్దేరాడు. ఈలోగా తేడా కరిగిపోతోందని కబురు అందితే, మళ్లీ ఫోన్ చేసి ఆ అభినందన వెనక్కి తీసుకున్నాడు. 4 గంటలకల్లా ఛానెళ్లు కూడా రెండోసారి నాలుక కరుచుకున్నాయి.

ఇంకోటి. వొలూసియా కౌంటీలో ఒక బూత్ లెక్క కంప్యూటర్లోకి ఎక్కేసరికి గోర్ మొత్తంలోంచి 16 వేల పైన ఓట్లు తగ్గిపోయాయి. మైనస్ 16,022! మెమరీ కార్డు లోపం. ఆ రాత్రే సరిచేశారు, తుది ఫలితం మీద దాని ప్రభావం లేదు. కానీ అప్పట్లో మేమంతా వైటుకే (2000 సంవత్సరం తేదీల సమస్య) కోడు మీద పని చేసి వచ్చినవాళ్లం. నెగటివ్ ఓట్లు వస్తే సిస్టమ్ ఎలా ఒప్పుకుందని ఆఫీసులో రోజూ ఇదే చర్చ.

పంతులమ్మ:

చాలా మంచి చర్చ మొదలుపెట్టారు పాపికొండలు గారూ. నేను టీచర్‌ని, పంచాయతీ ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. సర్పంచ్ ఎన్నికలు మన దగ్గర ఇప్పటికీ బ్యాలెట్ కాగితంతోనే కదా. కాబట్టి కౌంటింగ్ టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను.

కాగితం విప్పుతాం. ఒక గుర్తు మీద ముద్ర స్పష్టంగా ఉంటుంది. మడత పెట్టినప్పుడు ఇంకు అంటుకుని ఇంకో గుర్తు మీద కూడా మసకగా ఒక ముద్ర పడుతుంది. ఏజెంట్లు వెంటనే లేచి నిలబడతారు, "రెండు ముద్రలు పడ్డాయి, చెల్లదు" అని ఒకరు, "చెల్లుతుంది" అని ఒకరు. ఇక్కడే ఆ రబ్బరు స్టాంపు గొప్పతనం తెలుస్తుంది. దాని మీద ఉండేది ఉత్త చుక్కో, గుండ్రని గుర్తో కాదు, స్వస్తిక్ ఆకారం. అంటుకున్న ముద్రలో స్వస్తిక్ తిరగబడి కనిపిస్తుంది. కాగితం దీపం వైపు ఎత్తి చూపిస్తే ఏది ఓటరు వేసిందో, ఏది మడతలో అంటిందో ఎవరికైనా తెలిసిపోతుంది. ఓటు నిలబడుతుంది. నిజంగానే రెండు గుర్తుల మీద వేస్తే చెల్లదు. రెండు గళ్ల మధ్య గీత మీద పడి ఎటు వేశారో తేలకపోయినా చెల్లదు. తేల్చేది రిటర్నింగ్ ఆఫీసర్. మాకు శిక్షణలో ఇవన్నీ బొమ్మలతో చూపిస్తారు. ఏ మండలంలో లెక్కించినా రూలు ఒక్కటే.

ఫ్లోరిడాలో అలాంటి ఒక్క రూలు లేదని విన్నాను. నిజమేనా?

హైకోర్టు_మెట్లు:

నిజమే టీచర్ గారూ. కేసంతా దాని చుట్టూనే తిరిగింది.

ముందు యంత్రం సంగతి. అప్పట్లో ఫ్లోరిడాలో చాలా కౌంటీలు పంచ్ కార్డులు వాడేవి. కార్డు మీద చిన్న చిన్న చతురస్రాలు ముందే కత్తిరించినట్టు ఉంటాయి. ఓటరు సన్నని పుల్లలాంటి దానితో తన అభ్యర్థి చతురస్రాన్ని పొడవాలి. ఆ ముక్క ఊడి కింద పడితే రంధ్రంలోంచి వెలుతురు వెళ్లి మెషీన్ ఓటు లెక్కేస్తుంది. ఆ ముక్కనే 'చాడ్' అన్నారు. అది పూర్తిగా ఊడకుండా ఒక మూల వేలాడుతూ ఉంటే మెషీన్ ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. అసలు ఊడకుండా గుంట మాత్రమే పడితే ఆ ఓటు లేనట్టే. పాపికొండలు గారు అడిగిన ప్రశ్నకు సమాధానంలో సగం ఇదే: కార్డులు మెషీన్లోంచి వెళ్లిన ప్రతిసారీ కొన్ని ముక్కలు రాలతాయి, లెక్క మారుతుంది.

మరి చేత్తో లెక్కించేటప్పుడు దేన్ని ఓటనాలి? "ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలిస్తే చాలు" అంది ఫ్లోరిడా చట్టం. అంతే, ఇంకే వివరమూ లేదు. పామ్ బీచ్‌లో 1990 నాటి సొంత రూలుతో మొదలుపెట్టారు. ముక్క మొత్తం అంటుకునే ఉంటే ఓటు కాదని. కాసేపటికి వెలుతురు కనిపిస్తే చాలన్నారు. మళ్లీ పాత రూలుకి వెళ్లారు. చివరికి అదీ వదిలేశారు. పక్కనే ఉన్న బ్రోవార్డ్‌లో ఇంకా ఉదారంగా లెక్కించారు. జడ్జి రాబర్ట్ రోసెన్‌బర్గ్ భూతద్దం పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి కార్డుని చూస్తున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది.

ఒక్క రాష్ట్రంలో 67 కౌంటీలు. ఎన్నికలు నడిపేది ఎక్కడికక్కడ కౌంటీ అధికారులే. బ్యాలెట్ వేరు, మెషీన్ వేరు, కొలమానం వేరు. మన ఎన్నికల సంఘం లాంటి ఒకే సంస్థ పైన లేదు. రాష్ట్ర స్థాయిలో ఫలితం ధ్రువీకరించాల్సిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ క్యాథరిన్ హ్యారిస్, బుష్ ప్రచార కమిటీకి ఆ రాష్ట్రంలో కో-చైర్. గవర్నర్ జెబ్ బుష్ అభ్యర్థికి స్వయానా తమ్ముడు. ఆయన ధ్రువీకరణ సంఘం నుంచి తప్పుకున్నాడు, ఆమె తప్పుకోలేదు. చట్టంలో అడ్డు లేకపోవచ్చు, కానీ ఆ స్థానంలో ఆమె కూర్చోవడం ముమ్మాటికీ తప్పని నా అభిప్రాయం.

ఇందూరు_పసుపు:

పామ్ బీచ్ బ్యాలెట్ గురించి ఎవ్వరూ చెప్పలేదు, అసలు కథ అదే కదా. నేను చెప్త.

1998లో రాష్ట్ర రాజ్యాంగం సవరించి చిన్న పార్టీలకు పోటీ సులువు చేసిన్రు. దాంతో 2000లో అధ్యక్ష పదవికి పది మంది అభ్యర్థులైన్రు. పామ్ బీచ్ కౌంటీలో వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. అందరి పేర్లు ఒక్క పేజీలో పెడితే అక్షరాలు మరీ చిన్నగైతయని, ఎన్నికల అధికారి థెరెసా లెపోర్ పేర్లను ఎదురెదురు రెండు పేజీల్లో పెట్టి, రంధ్రాలు నడుమ ఒక్క వరుసలో పెట్టింది. సీతాకోకచిలుక రెక్కల లెక్క ఉన్నదని 'బటర్‌ఫ్లై బ్యాలెట్' అన్నరు. ఎడమ పేజీలో బుష్ పేరు మొదట, గోర్ పేరు రెండోది. కానీ రెండో రంధ్రం గోర్‌ది కాదు, కుడి పేజీలో మొదటున్న ప్యాట్ బుకానన్‌ది. గోర్‌ది మూడో రంధ్రం.

బుకానన్ గట్టి కన్జర్వేటివ్. యూదు వృద్ధులు ఎక్కువున్న డెమొక్రాట్ల కౌంటీలో ఆయనకు 3,400 పైచిలుకు ఓట్లు పడ్డయి. చుట్టుపక్కల ఏ పెద్ద కౌంటీలో కూడా అన్ని రాలే. ఆ బ్యాలెట్ చూస్తే గోర్‌కు వేస్తున్ననుకొని నాకు వేసి ఉంటరని బుకానన్ స్వయంగా టీవీలో ఒప్పుకున్నడు. ఇంకా కొందరికి అనుమానమొచ్చి రెండు రంధ్రాలు పొడిచిన్రు. అట్ల ఒకటి కన్నా ఎక్కువ పొడిచి చెల్లకుండా పోయినవి ఆ ఒక్క కౌంటీలోనే 19 వేల పైన. వాటిలో గోర్, బుకానన్ ఇద్దరికీ పొడిచినవే 5 వేలు దాటినయి. ఏ లెక్కన చూసినా 537 కంటే ఎంతో ఎక్కువ.

లెపోర్ అప్పుడు డెమొక్రాటే. నమూనా బ్యాలెట్ ముందే ఇండ్లకు పంపిన్రు, రెండు పార్టీలు చూసినయి, ఎవ్వరూ ఇదేందని అడగలే. కుట్ర అనుకోవాల్సిన పనిలేదు. మంచి మనసుతో చేసిన పనే కొంప ముంచింది.

మాకు 2019ల ఇదే బాధ వచ్చింది. నిజామాబాద్ ఎంపీ సీటుకు 185 మంది పోటీ. పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకు ధర కోసం నామినేషన్లు వేసిన రైతులే 170 పైన. ఒక్కో బూత్‌ల 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టిన్రు. మా నాయన గుర్తు వెతుక్కుంట ఆ బల్లల పొడుగునా నడిచిండు. అభ్యర్థులు ఎక్కువైనప్పుడు బ్యాలెట్ ఎట్ల పెడతరన్నది చిన్న విషయం కానే కాదు.

టంపా_రావు:

డ్యూవల్ కౌంటీ కూడా చేర్చండి. జాక్సన్‌విల్ ఉండే కౌంటీ. అక్కడ అభ్యర్థుల పేర్లు ఒక పేజీ తర్వాత ఇంకో పేజీలో వచ్చాయి. ముందుగా ఇచ్చిన నమూనా బ్యాలెట్‌లో ప్రతి పేజీలోనూ ఓటు వెయ్యమని ఉంది. బుద్ధిగా చెప్పినట్టు విన్నవాళ్ల ఓటు రెండు పేజీల్లో పడి చెల్లకుండా పోయింది! దాదాపు 22 వేలు. వాటిలో చాలా భాగం నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే బూత్‌లవి. పామ్ బీచ్ గురించి వచ్చినన్ని వార్తలు దీని గురించి రాలేదు. గోర్ లాయర్లు కూడా అక్కడ సమయానికి రీకౌంటింగ్ అడగలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

విశాఖ_సముద్రం:

అందరూ బ్యాలెట్ అంటున్నారు. రాల్ఫ్ నేడర్ మాటేంటి? ఫ్లోరిడాలో గ్రీన్ పార్టీకి 97,488 ఓట్లు. ఆయన పోటీలో లేకపోతే అందులో ఒక్క శాతం ఎక్కువగా గోర్ వైపు వచ్చినా సరిపోయేది. ఓట్లు చీల్చాడు, బుష్ గెలిచాడు. మన దగ్గర ప్రతి ఎన్నికలో చూసేదే ఇది.

లెక్కల_మాస్టారు:

537 తేడా అయినప్పుడు ఎవరి పేరైనా చెప్పవచ్చు సార్. ఆ పది మందిలో అట్టడుగున ఉన్న సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ అభ్యర్థికి కూడా 562 ఓట్లు వచ్చాయి. నేడర్ మీదే నెట్టేస్తే, గోర్ సొంత రాష్ట్రం టెనెసీ మాటేంటి? అక్కడ గెలిచి ఉంటే ఆ 11 ఎలక్టోరల్ ఓట్లతో ఫ్లోరిడా అవసరమే ఉండేది కాదు. అదే సంవత్సరం ఏప్రిల్లో ఎలియాన్ గొంజాలెజ్ అనే క్యూబా పిల్లవాణ్ని మయామీలోని బంధువుల ఇంట్లోంచి ఫెడరల్ పోలీసులు తుపాకులతో వెళ్లి తీసుకెళ్లారు. అక్కడి క్యూబన్ అమెరికన్లు డెమొక్రాట్ల మీద భగ్గుమన్నారు. ఆ కోపం విలువ ఎన్ని ఓట్లో?

అన్నట్టు, ఆ ఏడాది అన్నిటికంటే తక్కువ తేడా ఫ్లోరిడాది కాదు. న్యూ మెక్సికోలో గోర్ 366 ఓట్లతో గెలిచాడు. అక్కడున్నవి 5 ఎలక్టోరల్ ఓట్లే కాబట్టి ఎవరికీ పట్టలేదు.

బెల్లం_మార్కెట్:

మెజారిటీ తక్కువ అంటే మా అనకాపల్లిని మరిస్తే ఎలా మాస్టారూ! 1989 లోక్‌సభ ఎన్నికల్లో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. లక్షల ఓట్లు పోలైన చోట 9. దేశంలో లోక్‌సభకు అంతకన్నా తక్కువ మెజారిటీ ఇప్పటిదాకా లేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఓటుకి బద్ధకిస్తే పెద్దవాళ్లు ఆ తొమ్మిదే గుర్తు చేస్తారు.

హైకోర్టు_మెట్లు:

కోర్టు కథ పూర్తి చేస్తాను, ఎందుకంటే మొదటి పోస్టులో ఉన్న "సుప్రీంకోర్టు గెలిపించింది" అన్న మాట అందరూ అంటారు, కానీ అది సగమే.

గోర్ రాష్ట్రమంతా లెక్కించమని అడగలేదు. తనకు పట్టున్న నాలుగు కౌంటీల్లో, అంటే పామ్ బీచ్, బ్రోవార్డ్, మయామీ-డేడ్, వొలూసియాల్లో చేత్తో లెక్కించమన్నాడు. నవంబరు 22న మయామీ-డేడ్‌లో కౌంటింగ్ హాలు బయట రిపబ్లికన్ కార్యకర్తలు గొడవ చేశారు. అదే రోజు అక్కడ లెక్కింపు ఆపేశారు. పామ్ బీచ్‌లో నవంబరు 26 సాయంత్రం 5 గంటల గడువుకు పూర్తికాలేదు. రెండు గంటలు ఆలస్యమైనందుకు హ్యారిస్ వాళ్ల లెక్క తీసుకోలేదు.

డిసెంబరు 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు 4-3తో రాష్ట్రమంతటా మెషీన్ చదవని ఓట్లను చేత్తో లెక్కించమంది. మర్నాడే అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆపేసింది. డిసెంబరు 12 రాత్రి తీర్పు. కౌంటీకో కొలమానంతో లెక్కించడం సమాన రక్షణ హక్కుకు విరుద్ధమని ఏడుగురు జడ్జీలు అంగీకరించారు. ఈ భాగంతో నాకు పేచీ లేదు. టీచర్ గారు చెప్పిన స్వస్తిక్ రూలు మండలానికో రకంగా ఉంటే మనం ఒప్పుకుంటామా? కానీ దానికి మందు ఏమిటన్న చోట 5-4గా చీలిపోయారు. ఒకే కొలమానం పెట్టి మళ్లీ లెక్కించడానికి ఇక టైమ్ లేదని ఐదుగురు అన్నారు. టైమ్ లేకుండా పోవడానికి వాళ్లిచ్చిన స్టే కూడా ఒక కారణం. నేను ఒప్పుకోలేనిది అక్కడే. మర్నాడు గోర్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇంకో చిన్న విషయం. చేతి లెక్కింపు నమ్మదగింది కాదని బుష్ పక్షం వాదించింది. ఆయన గవర్నర్‌గా ఉన్న టెక్సాస్‌లో, గుంట పడిన కార్డులను కూడా ఉద్దేశం తెలిస్తే లెక్కించవచ్చన్న చట్టం మీద 1997లో సంతకం పెట్టింది ఆయనే.

పాపికొండలు:

లాయర్ గారూ, మరి లెక్కింపు ఆగకుండా ఉంటే గోర్ గెలిచేవాడా?

లెక్కల_మాస్టారు:

దీనికి సమాధానం ఉంది, ఇద్దరికీ నచ్చని సమాధానం. పెద్ద పత్రికలు, వార్తా సంస్థలు కలిసి షికాగో యూనివర్సిటీకి చెందిన నార్క్ అనే పరిశోధన సంస్థకు ఆ పని అప్పగించాయి. వాళ్లు చెల్లకుండా పోయిన 1,75,010 బ్యాలెట్లను ఒక్కొక్కటిగా పరిశీలించారు. 2001 నవంబరులో ఫలితాలు బయటకు వచ్చాయి.

గోర్ అడిగిన నాలుగు కౌంటీల లెక్కింపు పూర్తయినా బుష్ సుమారు 225 ఓట్లతో గెలిచేవాడు. ఫ్లోరిడా కోర్టు చెప్పినట్టు మెషీన్ చదవని ఓట్లను మాత్రమే రాష్ట్రమంతా లెక్కించినా బుష్ 493తో గెలిచేవాడు. కానీ ఎవరూ అడగని ఇంకో పద్ధతి ఉంది. రెండు చోట్ల గుర్తు పెట్టినవాటితో సహా, చెల్లని ఓట్లన్నిటినీ రాష్ట్రమంతా చూడడం. అలా చూస్తే, ఏ కొలమానం పెట్టినా గోర్ 60 నుంచి 171 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు.

రెండు చోట్ల గుర్తు పెడితే ఉద్దేశం ఎలా తెలుస్తుందని అడగవచ్చు. కొందరు గోర్ పేరు దగ్గర గుర్తు పెట్టి, కింద 'పేరు రాయండి' అన్న ఖాళీలో మళ్లీ గోర్ అనే రాశారు. మెషీన్ దాన్ని రెండు ఓట్లుగా చూసి తోసేసింది. మనిషి చదివితే అందులో సందేహమే లేదు. పామ్ బీచ్‌లో ఇద్దరికీ పొడిచిన కార్డులను మాత్రం ఏ రూలుతోనూ కాపాడలేం. ఆ నష్టం బ్యాలెట్ అచ్చు వేసిన రోజే జరిగిపోయింది.

పంతులమ్మ:

పేరు దగ్గర గుర్తు పెట్టి, కింద మళ్లీ అదే పేరు రాశారంటే, తన ఓటు ఎక్కడ పోతుందోనని భయపడి రెండుసార్లు చెప్పినట్టే కదా. అలాంటివాళ్ల ఓటే పోయిందంటే మనసుకి చాలా బాధగా ఉంది మాస్టారూ. పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌లో ఇలాంటివి చూస్తాం. అంకె వెయ్యాల్సిన చోట టిక్కు పెడతారు, లేదా అంకె వేసి పక్కన సంతకం చేస్తారు. చదువుకున్నవాళ్ల ఓట్లు వేలల్లో చెల్లకుండా పోతాయి. ఎవరికి వేశారో కళ్ల ముందు కనిపిస్తున్నా పక్కన పెట్టాల్సిందే.

తర్వాతైనా ఫ్లోరిడాలో మార్చారా?

టంపా_రావు:

మార్చారు మేడమ్. 2001లోనే రాష్ట్రం పంచ్ కార్డులను నిషేధించింది. 2002లో హావా అని ఫెడరల్ చట్టం వచ్చి, పాత మెషీన్లు తీసెయ్యడానికి రాష్ట్రాలకు డబ్బు ఇచ్చింది. కొన్నాళ్లు కాగితం లేని టచ్ స్క్రీన్లు వాడి, వాటితోనూ తలనొప్పులు వచ్చాక మళ్లీ కాగితం మీదకే వచ్చారు. ఇప్పుడు పెన్నుతో గడి నింపితే స్కానర్ చదువుతుంది. మళ్లీ చూడాలంటే కాగితం ఉంటుంది.

విశాఖ_సముద్రం:

ఇప్పుడు ఫ్లోరిడా ఫలితం కోసం ఎవరూ రాత్రంతా మేలుకోవడం లేదు కదా? అది ఎప్పుడు మారింది?

లెక్కల_మాస్టారు:

2012లో ఒబామా సుమారు 74 వేల ఓట్లతో గెలిచాడు, ఒక్క శాతం లోపే. 2016లో ట్రంప్ లక్షా 13 వేలతో, 2020లో 3 లక్షల 70 వేల పైన. 2024కి వచ్చేసరికి ట్రంప్ 56, కమలా హ్యారిస్ 43 శాతం. తేడా 14 లక్షలు దాటింది. ఎలక్టోరల్ ఓట్లు కూడా 25 నుంచి 30 అయ్యాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు మయామీ-డేడ్‌లో. 2000లో గోర్ లాయర్లు ఏ కౌంటీలో ఓట్లు దొరుకుతాయని ఆశపడ్డారో అదే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు అక్కడ 29 పాయింట్ల ఆధిక్యం. 2020లో బైడెన్‌కు 7 పాయింట్లు. 2024లో ట్రంప్ 11 పాయింట్లతో గెలిచాడు, 1988 తర్వాత ఆ కౌంటీ రిపబ్లికన్లకు దక్కడం అదే మొదటిసారి. క్యూబన్లతో పాటు వెనిజులా, నికరాగువా నుంచి వచ్చిన కుటుంబాలు అటు మళ్లడం, కోవిడ్ తర్వాత మిగతా రాష్ట్రాల నుంచి వచ్చి చేరిన జనం, రెండూ కారణాలే. ఏది ఎక్కువ అన్నదాని మీద విడిగా చర్చ మొదలుపెడదాం. కౌంటీల వారీ అంకెలు ఈ ఆదివారం పెడతాను.

ఇందూరు_పసుపు:

పెట్టుండ్రి మాస్టారూ. పామ్ బీచ్ అంకె ముందల పెట్టుండ్రి. 2024లో అది కూడా డెమొక్రాట్ల చేతుల్ల నుంచి జారిపోయే దాకా వచ్చింది, ఒక్క శాతం లోపు తేడాతో నిలబడ్డది.